ఒక సబ్‌వూఫర్, నాలుగు వాటాలు

పదిహేను వేలలో మంచి సబ్‌వూఫర్, అంటే బేస్ అనే లోతైన మోతను మోగించే స్పీకరు పెట్టె, ఏది అని అడిగేవారంతా లెక్కలో మొదటి మెట్టు మీదే జారిపడుతున్నారు. ధరను ఒక్క ఇంటితోనే భాగిస్తున్నారు. మాటలను గోడ ఆపుతుంది, పోపు వాసనను తలుపు ఆపుతుంది, బేస్‌ను మాత్రం ఆపే నాథుడు లేడు. శబ్దం ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్ని కంపనాలో ఆ లెక్క, హెర్ట్జ్‌లలో; బేస్‌కు ఇది తక్కువ) సగానికి పడిపోయిన ప్రతిసారీ గోడ అడ్డుకునే శక్తి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుందని శాస్త్రం చెబుతోంది. కాబట్టి నా హాల్లో పెట్టిన పెట్టె పైవారికి, కిందివారికి, పక్కవారికి కూడా చక్కగా అందుతుంది. పదిహేను వేలను నాలుగు వాటాలు వేస్తే ఇంటికి 3,750 రూపాయలు. ఇంతకంటే చౌక బేరం బజారులో లేదని మనవి.

ఈ ప్రజాసేవకు నేను పూనుకున్న క్రమం భావితరాలకు పనికిరావచ్చు గనుక రాసిపెడుతున్నాను.

మొదట వెళ్లిన దుకాణంలో ఒక అట్టపెట్టె మీద ‘5,000 వాట్లు పీఎంపీవో’ (ఒక్క క్షణం ఇవ్వగలదని చెప్పుకునే గరిష్ఠ శక్తి) అని కొట్టొచ్చినట్టు రాసి ఉంది. పులకించిపోయాను. అయితే మా ఇంటి 6 ఆంపియర్ల ప్లగ్గు నుంచి, 230 వోల్టుల దగ్గర ఎంత పిండినా వచ్చేది 1,380 వాట్లు. మిగతా 3,620 ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. అమ్మే కుర్రవాడు ఏమాత్రం తొణక్కుండా “టెక్నాలజీ సార్” అన్నాడు. పెట్టె తిప్పి చూస్తే వెనక చీమ తలకాయంత అక్షరాల్లో విద్యుత్ వినియోగం 60 వాట్లు అని ఉంది. మా పాత సీలింగ్ ఫ్యాను ఇంతకంటే ఎక్కువే తింటుంది, పైగా గాలి కూడా వేస్తుంది. పీఎంపీవోను ఇలాగే కొలవాలని అందరూ ఒప్పుకున్న పద్ధతి ఏదీ లేదు. అది పెళ్లిచూపుల్లో కోతలు కోసే జీతం. ఆర్‌ఎంఎస్, అంటే పెట్టె ఆగకుండా ఇవ్వగల శక్తి, కోతలు పోగా చేతికందే జీతం.

సరే, ఆర్‌ఎంఎస్ వాట్లే ఎక్కువ కొందామంటారా? శక్తి రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు మోత అనిపించాలంటే ఇంచుమించు పది రెట్ల శక్తి కావాలి. 100 వాట్ల పెట్టె వదిలి 150 వాట్లది తెచ్చుకున్నవాడికి దక్కేది 2 డెసిబెల్స్ కూడా ఉండదు. ఆ డబ్బేదో స్పీకరులో ముందుకూ వెనక్కీ ఊగే గరాటు పొర, అదే కోను, మీద పెట్టడం మేలు. 8 అంగుళాల కోను కంటే 12 అంగుళాల కోను వైశాల్యం రెండుంబావు రెట్లు, గాలిని కదిపేది అదే కదా. ఇక్కడ స్పీకరు పెట్టెల విషయంలో హాఫ్‌మన్ చెప్పిన ఇనుప సూత్రం అడ్డుపడుతుంది. చిన్న పెట్టె, లోతైన బేస్, కొద్ది శక్తికే పెద్ద మోత, ఈ మూడింటిలో రెండే దొరుకుతాయి. మా ఆవిడ పూలకుండీ అంత పెట్టె అయితే సరే అంది. భౌతికశాస్త్రమూ వెనక్కి తగ్గలేదు, ఆవిడా తగ్గలేదు. చివరికి 10 అంగుళాల, పోర్టు (గాలి రాకపోకలకు రంధ్రం) ఉన్న పెట్టె దగ్గర సంధి కుదిరింది. మూసిన పెట్టెలో బేస్ పొందికగా ఉంటుందని రసజ్ఞులు అంటారు, నిజమే. కానీ అదే డబ్బుకు పోర్టు ఉన్నది ఎక్కువ మోగుతుంది. నలుగురికి పంచవలసినవాడికి పొందికతో ఏం పని?

టీవీ శబ్దాన్ని స్పీకర్లకు పంచే రిసీవరులో క్రాసోవర్ (ఎంతకు దిగువ శబ్దం సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే గీత) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాను. అంతకు బాగా పైకి పోనిస్తే మోత ఏ మూల నుంచి వస్తోందో చెవి పసిగడుతుంది. కిందివారికి నేరస్థుడి చిరునామా దొరుకుతుంది.

అసలు కథ ఇక్కడ మొదలైంది. మా హాలు పొడవు 12 అడుగులు. అంత దూరంలో సరిగ్గా సగం తరంగం పట్టే శబ్దం సుమారు 47 హెర్ట్జ్. అది గోడల దగ్గర ఉరుముతుంది, నడిమధ్యన మాయమవుతుంది. నా కుర్చీ నడిమధ్యన. గోడకు ఆనించిన దివాన్ మీద మా అత్తగారు. నాకు వినిపించడం లేదని నేను పెంచుతాను, ఆవిడ గుండె పట్టుకుంటారు. ఇంత ఖర్చు పెట్టి ఇంట్లో బేస్ వినని ఏకైక వ్యక్తిని నేనే అయ్యాను.

దీనికి విరుగుడు ఉంది. సబ్‌వూఫర్‌ను మనం కూర్చునే చోట కూర్చోబెట్టి, మనం నేల మీద పాకుతూ తిరగాలి. ఏ మూల బేస్ సమంగా వినిపిస్తే ఆ మూలకు దాన్ని చేర్చాలి. సంక్రాంతికి వచ్చిన కొత్త అల్లుడిలా అది నా కుర్చీలో, నేను మోకాళ్ల మీద. సరిగ్గా అప్పుడే కింది ఫ్లాటు పెద్దాయన ఫిర్యాదుకు వచ్చారు. తలుపు తీసే ఉంది. నా భంగిమ చూసి కాళ్ల మీద పడబోతున్నాననుకున్నారో ఏమో, “పరవాలేదు లెండి బాబూ” అని వెనక్కి వెళ్లిపోయారు.

చట్టం కూడా నా పక్షమే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ దాటకూడదు. అయితే ఆ కొలతకు వాడే ‘ఏ’ తూకం మనిషి చెవిని అనుకరిస్తూ 31.5 హెర్ట్జ్ దగ్గర 39 డెసిబెల్స్ కొట్టేస్తుంది. కింది వంటింట్లో స్టీలు గిన్నెలు గట్టు మీద ఊరేగుతున్నా మీటరు మాత్రం ప్రశాంతంగా ఉంటుంది. ఇంత ఉదారమైన తూకం నేను కిరాణా కొట్టులో కూడా చూడలేదు.

ఈ ధైర్యంతోనే, లబ్ధిదారులు నలుగురైనప్పుడు ఖర్చు ఒక్కడే ఎందుకు భరించాలని అపార్ట్‌మెంట్ సంఘానికి అర్జీ పెట్టుకున్నాను. తలా 3,750 నెలవారీ మెయింటెనెన్స్‌లో కలిపి వసూలు చేయాలని కోరాను. కార్యదర్శి గారు సమావేశం పెట్టారు. ఆశ్చర్యం, ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఖర్చు నాలుగు వాటాలైంది గనుక టీవీలో ఏం చూడాలో కూడా నలుగురూ కలిసి తేల్చాలని, రిమోటు కింది ఫ్లాటు పెద్దాయన సతీమణి దగ్గర ఉండాలని తీర్మానించారు.

ఆవిడ రోజూ సాయంత్రం ఆరున్నరకు వస్తారు. సీరియల్లో అత్తగారు తల తిప్పి కోడలి వంక మూడుసార్లు చూస్తుంది. ఆ ఒక్కొక్క చూపుకు పడే పిడుగులో 30 హెర్ట్జ్ కూడా ఉందని నాకు ఇప్పుడే తెలిసింది. నడిమధ్య కుర్చీలో ఆవిడ హాయిగా కూర్చుంటారు. నేను దివాన్ మీద, మా అత్తగారి పక్కన.