పట్టాలు పీకేయమనే ముందు

ఈ మధ్య ఒక వాదన గ్రూపు నుంచి గ్రూపుకు చేతులు మారుతోంది. సారాంశం ఇది: "చిన్న పట్టణాలను కలిపే ప్రాంతీయ రైలు మార్గాలకు కాలం చెల్లింది. టికెట్ల మీద వచ్చే డబ్బుతో ఖర్చు రాదు. మూసేస్తే నష్టం తగ్గుతుంది. నడిపి తీరాలంటే హైడ్రోజన్ రైళ్లు కొనండి. అదీ వద్దంటే పట్టాలు పీకి రోడ్డేయండి, డ్రైవర్ లేని బస్సులు తిరుగుతాయి. ఎంతమంది ఎక్కుతారన్న అంచనాలు ఎలాగూ కాకిలెక్కలే."

ఇందులో నిజం బొత్తిగా లేదని అనను. కొన్ని ముక్కలు నిజమే, అందుకే మిగతావి కూడా నమ్మేస్తున్నారు. ఒక్కొక్కటీ చూద్దాం.

"టికెట్లతో ఖర్చు రాదు."

రాదు. చాలా చోట్ల రాదు. పల్లె రోడ్డుకూ రాదు, అయినా రాబడి లేదని దాన్ని దున్నేయమని ఎవరూ అనరు. అడగాల్సింది లాభమా నష్టమా అని కాదు. ఆ లోటు ఎవరు భరిస్తారు, ఎన్నేళ్లు నిలకడగా భరిస్తారు అని అడగాలి. ట్రాక్ ముప్పై, నలభై ఏళ్లు ఉండే వస్తువు. దానికి డబ్బు ఏ ఏటికా ఏడు బేరమాడి ఇస్తే ఏమవుతుందో రైల్వేలో పనిచేసినవాళ్లెవరినైనా అడగండి. ముందు పట్టాల కింది స్లీపర్ దిమ్మెలు మార్చడం వాయిదా పడుతుంది. తర్వాత వేగ పరిమితి బోర్డు వెలుస్తుంది. తాత్కాలికమనే పేరుతో అది ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. ప్రయాణం అరగంట పెరుగుతుంది, జంక్షన్‌లో కనెక్షన్ తప్పుతుంది, ఎక్కేవాళ్లు తగ్గుతారు. అప్పుడొక అధికారి వచ్చి, చూశారా, ఎవరూ ఎక్కడం లేదు అంటాడు.

జర్మనీ 1996 నుంచి ప్రాంతీయ రైళ్ల బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించి, అందుకు కేంద్రం నుంచి నిధులు ఇస్తోంది. ఏ లైనులో గంటకు ఎన్ని రైళ్లు కావాలో రాష్ట్రమే నిర్ణయించి ఒప్పందం మీద కొనుక్కుంటుంది. స్విట్జర్లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2014 ఫిబ్రవరిలో ప్రజల ఓటుకు పెట్టి, సుమారు 62 శాతం మద్దతుతో రైలు మౌలిక వసతులకు శాశ్వత నిధిని ఏర్పాటు చేసుకుంది. 2016 నుంచి అది నడుస్తోంది. వాళ్ల లైన్లేమీ టికెట్ల మీదే బతకడం లేదు. వచ్చే ఏడాది డబ్బు వస్తుందో రాదో అన్న బెంగ మాత్రం లేదు.

"మూసేస్తే నష్టం తగ్గుతుంది."

దీన్ని బ్రిటన్ చేసి చూసింది. 1963లో అక్కడి రైల్వే అధిపతి రిచర్డ్ బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు, దాదాపు 8,000 కిలోమీటర్ల మార్గం మూసేయమంది. మొత్తం మార్గంలో మూడో వంతు మీద ప్రయాణికుల రద్దీలో 1 శాతమే ఉందన్నది దానికి ఆధారం. ఆ లెక్క తీసింది 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం సర్వేతో. వేసవిలో కిటకిటలాడే సముద్రతీర ఊళ్ల లైన్లకు ఏప్రిల్ నెల కొలమానమా?

అంతకన్నా పెద్ద పొరపాటు మరొకటి. బ్రాంచి లైను పోతే జనం కారులో పెద్ద స్టేషన్‌కు వెళ్లి అక్కడ రైలెక్కుతారని అనుకున్నారు. కారు తీసినవాడు దారి పొడుగునా కారులోనే పోయాడు. పిల్లకాలువలు పూడ్చేశాక ఏటిలో నీళ్లు తగ్గాయని ఆశ్చర్యపోతే ఎలా? లోటు తీరలేదు సరికదా, 1968 చట్టంతో సమాజానికి అవసరమైన లైన్లకు సబ్సిడీ ఇవ్వక తప్పలేదు.

"హైడ్రోజన్ రైళ్లు కొంటే సరి."

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు రైలు బొమ్మ చూపించి, తర్వాత దానికి లైను వెతికే అలవాటు ఇది.

జర్మనీలోని లోయర్ సాక్సనీలో 2018 సెప్టెంబరులో రెండు హైడ్రోజన్ రైళ్లు ప్రయాణికులతో తిరగడం మొదలుపెట్టాయి. 2022లో అవి పద్నాలుగయ్యాయి. ప్రపంచమంతా వార్త రాసింది. మరుసటి ఏడాదే అదే రాష్ట్రం, ఇకపై కొనేవి బ్యాటరీ రైళ్లేనని చెప్పింది. ఆ వార్త మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన టౌనస్ ప్రాంతానికి 27 హైడ్రోజన్ రైళ్లు తెప్పించారు. అవి ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక మొరాయించాయి, వాటికి బదులు బస్సులు నడపాల్సి వచ్చింది.

ఇందులో మర్మమేమీ లేదు. కరెంటుతో నీటిని విడగొట్టి, వాయువును ఒత్తిడితో ట్యాంకులో నింపి, మళ్లీ ఫ్యూయల్ సెల్‌లో కరెంటుగా మార్చేసరికి మొదట ఖర్చుపెట్టిన దాంట్లో ఇంచుమించు మూడో వంతే చక్రానికి చేరుతుంది. బ్యాటరీలో పెడితే అందులో చాలా భాగం చేతికొస్తుంది. తీగలు లేని పొడవాటి దారుల్లో హైడ్రోజన్‌కు చోటు ఉండొచ్చు. ప్రాంతీయ లైన్లు మాత్రం ఎక్కువగా పొట్టివి, ఏదో ఒక కొస కరెంటు ఉన్న మెయిన్ లైనుకు తగిలేవి. జపాన్‌లో 20.4 కిలోమీటర్ల కరసుయామా లైను అలాంటిదే. అక్కడ 2014 మార్చి నుంచే బ్యాటరీ రైలు నడుస్తోంది. మెయిన్ లైను తీగ కింద ఛార్జి అవుతుంది, బ్రాంచి కొసన స్టేషన్‌లో మరోసారి ఛార్జి అవుతుంది. మధ్యలో ఒక్క స్తంభం పాతలేదు.

అసలు చిన్న లైన్లను బతికించిన సాంకేతికత చాలావరకు ఫొటోకు కూడా పనికిరాదు. 1978 జనవరిలో స్కాట్లాండ్ ఉత్తరాన ఒక లైనులో మంచు తుపానుకు సిగ్నల్ తీగల స్తంభాలు కూలిపోయాయి. మళ్లీ నిలబెట్టే స్తోమత ఆ లైనుకు లేదు. ఆ అవసరంలోంచే రేడియో ద్వారా టోకెన్, అంటే ముందున్న దారిలోకి ఈ రైలు ఒక్కటే వెళ్లొచ్చన్న అనుమతి, ఇచ్చే పద్ధతి పుట్టింది. 1984లో కైల్ ఆఫ్ లోకాల్ష్ లైనులో మొదలైంది. స్వీడన్ 2012లో వెస్టర్‌డాల్ లైనులో ఇంకా ముందుకెళ్లింది. అక్కడ రైలే తన స్థానాన్ని రేడియోలో చెబుతుంది, కాబట్టి ట్రాక్ పక్కన పరికరాలు బాగా తగ్గాయి. కంప్యూటర్ పెడితే మనిషి అక్కర్లేదని దీనర్థం కాదు. 2017 అక్టోబరులో వేల్స్‌లోని కాంబ్రియన్ లైనులో సిగ్నలింగ్ కంప్యూటర్ రీస్టార్టయ్యాక తాత్కాలిక వేగ పరిమితులు రైళ్లకు చేరలేదు. పసిగట్టింది ఒక డ్రైవర్.

"పట్టాలు పీకి రోడ్డేస్తే డ్రైవర్ లేని బస్సులు తిరుగుతాయి."

బస్సు పనికొచ్చే చోట్లు ఉన్నాయి, ఒప్పుకోవాలి. జపాన్‌లో 2011 సునామీలో కొట్టుకుపోయిన కెసెన్నుమా రైలు మార్గంలో చాలా భాగం బస్సుల దారిగా మారింది. ఎక్కేవాళ్లు తక్కువ, పునర్నిర్మాణ ఖర్చు ఎక్కువ కాబట్టి. అయితే పట్టాలు తీస్తే చవకగా అయిపోతుందన్నది అన్నిచోట్లా చెల్లదు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గర పాత రైలు దారి మీద బస్సుల కోసమే కట్టిన బస్‌వే రెండేళ్లకు పైగా ఆలస్యంగా 2011 ఆగస్టులో తెరుచుకుంది, ఖర్చు అంచనా దాటింది, నిర్మాణ సంస్థతో వివాదం కోర్టుకెక్కింది. జనం మాత్రం బాగానే ఎక్కారు.

ఎందుకెక్కారు? బస్సులు తరచుగా ఉన్నాయి కాబట్టి. రైలుకూ అదే వర్తిస్తుంది. జపాన్‌లోని తొయామాలో వాడిపోతున్న ఒక బ్రాంచి లైనును 2006లో ట్రామ్ లాంటి లైట్ రైలుగా మార్చి, పగటిపూట పావుగంటకొకటి నడిపారు. పనిదినాల్లో ప్రయాణికులు రెట్టింపయ్యారు. డ్రైవర్ సీటు ఖాళీ చేయనక్కర్లేకపోయింది.

"అంచనాలు కాకిలెక్కలే."

ఇది వాళ్ల వాదనలో గట్టి ముక్క. పెద్ద ప్రాజెక్టుల అంచనాలపై పరిశోధించే బెంట్ ఫ్లూబ్యెర్గ్ బృందం 2005లో రైలు ప్రాజెక్టులను పరిశీలిస్తే, అసలు ప్రయాణికులు అంచనా కన్నా సగటున 51 శాతం తక్కువ తేలారు. ప్రాజెక్టు ఒప్పించుకోవడానికి అంకెలు ఉబ్బించడం లోకంలో ఉన్నదే.

కానీ మూసేసి మళ్లీ తెరిచిన చిన్న లైన్ల దగ్గర అంచనా తక్కువ వేసిన తప్పూ జరిగింది. జర్మనీలో షోన్‌బుఖ్ లైను 1996లో తెరిచినప్పుడు రోజుకు 2,500 మంది అనుకున్నారు. మొదట్లోనే దాటేసింది. 1969లో మూసిన స్కాట్లాండ్ బోర్డర్స్ లైను 2015 సెప్టెంబరులో తెరుచుకుంది. కొసన ఉన్న ట్వీడ్‌బ్యాంక్ స్టేషన్‌కు మొదటి ఆరు నెలల్లో 19,000 మంది లోపేనని అంచనా. వచ్చింది 1,83,000 పైచిలుకు. అదే లైనులోని షాఫేర్ స్టేషన్‌లో మాత్రం అంచనా కన్నా చాలా తక్కువ మంది ఎక్కారు. ఒకే లైనులో రెండు రకాల పొరపాట్లూ!

అంచనా తక్కువ వేసినందుకు మూల్యం ఎలా ఉంటుందో అక్కడే కనిపిస్తుంది. ఖర్చు తగ్గించాలని లైను చాలా దూరం సింగిల్‌గానే వేశారు. ఎదురెదురు రైళ్లు తప్పుకునే జంట ట్రాకును 16 మైళ్ల నుంచి 9.5 మైళ్లకు కుదించారు. కొత్త వంతెనలు కొన్నింటిని ఒక్క ట్రాకుకు సరిపడా కట్టారు. ఒక రైలు ఆలస్యమైతే ఎదుటి రైలు దాని కోసం ఆ జంట ట్రాకులో కాచుకోవాలి. రెండో ట్రాకు వేద్దామంటే ఆ వంతెనలు మళ్లీ కట్టాలి.