వృక్షార్థం అక్షతాన్ సమర్పయామి

మతాలకి పర్యావరణం పట్టదని ఈమధ్య కొందరు తెగ బాధపడిపోతున్నారు. బెజవాడ పౌరుడిగా ఈ అభాండాన్ని ఖండించడం నా విధి. పట్టకపోవడమేమిటండీ? ఒక్క 2015 సంవత్సరమే తీసుకోండి. ఆ వేసవిలో పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' పేరుతో భూమి బాగోగుల మీద పుస్తకమంత లేఖ విడుదల చేశారు. ఆగస్టులో ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులు కూర్చుని వాతావరణ మార్పు మీద ప్రకటన చేశారు. ఉద్గారాల్ని తగ్గించడంలో ధనిక దేశాలూ, చమురు దేశాలూ ముందు నడవాలని మొహమాటం లేకుండా చెప్పారు. నవంబరులో హిందూ ప్రకటన వచ్చింది, 'భూమి దేవీ కీ జై' అంటూ. డిసెంబరులో పారిస్ ఒప్పందం. అంటే దేవుళ్ల తరఫున మాట్లాడేవాళ్లంతా చెప్పాల్సింది చెప్పేశాకే దేశాధినేతలు బల్ల దగ్గర కూర్చున్నారన్నమాట. ఇంతకంటే ఏం చెయ్యమంటారు?

ఇక అమలు సంగతి. ఇక్కడ మిగతా ప్రపంచం తడబడుతోంది గాని, మా ఊరు మాత్రం శాస్త్రసమ్మతమైన మార్గం ఎప్పుడో పట్టేసింది. పూజ చేసుకునే ఇళ్లలో అందరికీ తెలిసిందే. స్వామికి ఇవ్వడానికి వస్త్రం లేదనుకోండి, 'వస్త్రార్థం అక్షతాన్ సమర్పయామి' అంటే చాలు. నగ లేదా, 'ఆభరణార్థం అక్షతాన్ సమర్పయామి'. నాలుగు పసుపు బియ్యం గింజలు వేస్తే ఆయన ఏమీ అనుకోడు. లేనివాడి మీద దయతో పెట్టిన వెసులుబాటు అది. ఉన్నవాళ్లం దాన్ని చెట్లకీ, ఏళ్లకీ, గాలికీ కూడా వర్తింపజేశాం.

వినాయక చవితినే చూడండి. 'మాచీపత్రం పూజయామి, బృహతీపత్రం పూజయామి' అంటూ ఇరవై ఒక్క రకాల ఆకులతో పూజ. వృక్షశాస్త్రం పాఠం ఇంటింటా జరిగే దేశం మనది అని ఉపన్యాసకులు పొంగిపోతుంటారు. ముందు రోజు బజారులో కొన్న పత్రి కట్ట విప్పితే రెండు మామిడి రెమ్మలు, కాస్త గరిక, ఒక జిల్లేడు కొమ్మ, ఇంకేదో ముళ్ల మొక్క ఉంటాయి. "ఇదేం ఆకమ్మా?" అని అడిగితే అమ్మే ఆవిడ చెప్పే సమాధానం ఒకటే: "పత్రి, బాబూ." దేవదారు దగ్గరికొచ్చేసరికి మామిడాకే వేస్తాం, అర్జున పత్రం దగ్గరా మామిడాకే. నలుగుపిండితో పుట్టిన పిల్లవాణ్ణి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేయించి, క్రేన్ పెట్టి ఎక్కించి, కృష్ణలోకి దింపేటప్పుడు మాత్రం ప్రకృతి ఆరాధకులం.

నదికి కూడా అక్షతలే. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలొచ్చాయి. అమ్మవారి సన్నిధిలో ఘాట్లు, మెట్లు, దీపాలు, అన్నీ సిద్ధం. కృష్ణలోనే నీళ్లకి కటకట. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్లు వచ్చి ఆదుకున్నాయి. కృష్ణార్థం గోదావరీం సమర్పయామి! స్నానానికి ముందు చెంబు నీళ్లలోకి ఏడు నదుల్ని పిలిచే 'గంగే చ యమునే చైవ' శ్లోకంలో గోదావరి ఉంటుంది, కృష్ణ ఉండదు. రాసిన మహానుభావుడికి మన సంగతి ముందే తెలుసనుకుంటాను.

చెట్టు విషయంలో మా భక్తి ఇంకా గాఢం. చాలా గుళ్లు మొదట చెట్టు కింద రాయే. రావిచెట్టు, పక్కన వేప, కింద నాగప్రతిమ, సాయంత్రం ఒక దీపం. భక్తులు పెరిగితే చప్టా వేస్తారు. చెట్టు మొదలు చుట్టూ జానెడు మట్టి కూడా మిగలకుండా సిమెంటు పోసి, దాని మీద టైల్స్, టైల్స్ మీద దాతల పేర్లు. తర్వాత రేకుల షెడ్డు, ఆ తర్వాత శ్లాబు. చివరికి ఏదో ఒక సంవత్సరం కమిటీ పెద్ద బరువైన గుండెతో ప్రకటిస్తాడు, వేర్లు గోడని పగలగొడుతున్నాయి కాబట్టి దేవుడి క్షేమం కోసం చెట్టుని తియ్యక తప్పదని. కొట్టేసే ముందు చెట్టుకి పసుపూ కుంకుమా పెట్టి క్షమించమని అడుగుతారు. ఏ కాంట్రాక్టరయినా ఇంత మర్యాద చేస్తాడా?

ఒక్క మతాన్నే పొగిడితే మిగతావాళ్లు నొచ్చుకుంటారు. పోప్ గారి లేఖలో మనిషికి ఎక్కువైన అలవాట్లకి ఉదాహరణగా ఏసీల వాడకం ప్రస్తావన ఉంది. అయితే ఆయన మే నెలలో బెజవాడ రాలేదు. వచ్చి ఉంటే ఆ వాక్యం కొట్టేసేవారని మా ఊళ్లో ఒక ప్రార్థన మందిరం పెద్దలకి గట్టి నమ్మకం. లోపల దైవభయంతో వణుకుతున్నారో చలికి వణుకుతున్నారో తెలియనంత చల్లగా ఉంటుంది. ఏసీ బయటి పెట్టెలన్నీ పక్క సందులోకి తిప్పి ఉంటాయి. ఆ సందులో కాపురాలున్నాయి. పొరుగువాణ్ణి ప్రేమించమన్న వాక్యం లోపలి గోడ మీద బంగారు రంగు అక్షరాల్లో ఉంది. పారే ఏటి ఒడ్డున వజూ (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడం) చేసినా నీళ్లు వృథా చెయ్యకూడదని ప్రవక్త బోధ. కుళాయి పూర్తిగా తిప్పేసి, చేతులు కడుగుతూనే ఆ హదీసు పక్కవాడికి చెప్పే పెద్దమనుషులు నాకు తెలుసు.

ఇన్ని తేడాలున్నా మూడు మతాలూ అక్షరాలా ఒక్కటయ్యే చోటు ప్లాస్టిక్ గ్లాసు. అన్నదానమైనా, గుణదల తిరునాళ్లయినా, ఇఫ్తార్ విందైనా గ్లాసు ఒకటే, సైజు ఒకటే, బహుశా దుకాణం కూడా ఒకటే. ఒక్కసారి వాడి పారేసే ఇలాంటి సరుకుని 2022 జులై 1 నుంచి కేంద్రం నిషేధించింది కదా అని ఒక నిర్వాహకుణ్ణి అడిగాను. "అది వ్యాపారాలకండీ, మనది దేవుడి పని" అన్నాడు.

మత సామరస్యం కళ్లారా చూడాలనుకునేవాళ్లు పొద్దున్నే ఏదైనా కాలువ వంతెన మీద కాసేపు నిలబడాలి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, ఏదైనా ఫరవాలేదు. ఒక స్కూటరొచ్చి ఆగుతుంది. ఇంజన్ ఆపరు. ముందు కొక్కేనికి ఉబ్బిన కవరు వేలాడుతుంటుంది. అందులో వాడిన బంతిపూలు, ఖాళీ అగరొత్తుల పెట్టెలు, కొబ్బరి పీచు, అద్దం పగిలిన పటం. పెద్దాయన చెప్పులు విప్పుతాడు. కవరు కళ్లకద్దుకుంటాడు. 'చెత్త వేయరాదు' అన్న బోర్డుకి కాస్త పక్కగా జరిగి, ఇనప జాలీ పైనుంచి గిరాటేసి, లెంపలు వేసుకుంటాడు. ముడి మాత్రం విప్పడు. పూలు నీళ్లలో కలవాలన్నది నియమం, కవరు కలవకూడదని ఎక్కడా లేదుగా. నిర్మాల్యం ఎవరి కాళ్ల కిందా పడకూడదనే కదా ఈ తాపత్రయమంతా! ఎండాకాలం కాలువలు కట్టేస్తారు. అప్పుడు అడుగున బురదలో ఏడుకొండలవాడు, సాయిబాబా, లక్ష్మీదేవి, నిరుటి క్రిస్మస్ నక్షత్రం, అందరూ పైకి కనిపిస్తారు. కాళ్ల కింద పడకూడదన్నవన్నీ పూడిక తీసే పొక్లెయిన్ కింద పడతాయి.

మా ఊరి వాగు బుడమేరు గురించి చెప్పకపోతే అపచారం. 2024 సెప్టెంబరు 1న అది సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చేసింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ నాలుగు రోజులూ వెటకారం నా కలానికి రాదు. పడవలో వచ్చిన పులిహోర పొట్లం ఏ గుడిదో, బిర్యానీ ఏ మసీదు వాళ్లు వండారో, పాల ప్యాకెట్ ఏ చర్చి కుర్రాళ్లు పీకల్లోతు నీళ్లలో మోసుకొచ్చారో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

నీళ్లు తీశాక మళ్లీ అందరికీ మాటలొచ్చాయి. కలియుగాంతం అన్నారొకరు. నోవహు దినాలు అన్నారు మరొకరు. ఖయామత్ ఆనవాళ్లు అన్నారు ఇంకొకరు. ముగ్గురివీ వేర్వేరు గ్రంథాలే గాని, కొల్లేటికి పోవాల్సిన వాగు దారిలో ఇళ్లెవరు కట్టారన్న ప్రశ్న మూడింట్లోనూ దొరకలేదు. నోవహు ఓడ కట్టే కాలానికి ఆ ఊళ్లో వాగు గట్టు మీద ప్లాట్లు వేశారో లేదో మనకి తెలియదు. సైన్యం సాయంతో బుడమేరు గట్టుకి పడిన గండ్లలో మూడోది పూడింది సరిగ్గా వినాయక చవితి రోజున. విఘ్నం తొలగించిన ఘనత ఎవరి ఖాతాలో పడిందో వేరే చెప్పాలా? రాత్రింబగళ్లు రాళ్లు పోసిన ఇంజినీర్లు ఏమీ అనుకోలేదు.

కొందరు తిక్క ప్రశ్న ఒకటి వేస్తుంటారు. భవానీ దీక్ష అంటే చాలు, లక్షలమంది ఎర్రబట్టలు కట్టి, నలభై ఒక్క రోజులు చెప్పులు లేకుండా నడిచి, నేల మీద పడుకుని, మందు ముట్టకుండా ఉంటారు. లెంట్ అంటే మాంసం మానేస్తారు. రంజాన్ అంటే మండుటెండలో గుక్కెడు నీళ్లు తాగరు. ప్రభుత్వం ఎన్ని జీవోలిచ్చినా సాధించలేని క్రమశిక్షణ ఇది. మరి అదే గురుస్వామి, అదే పాస్టరు గారు, అదే ఇమామ్ సాబు మైకులో ఒక్క మాట, స్టీలు గ్లాసు ఇంటి నుంచి తెచ్చుకోండని చెబితే పోయేదేముంది?

పోయేదేముందా! దాతలు పోతారు. గ్లాసుల మీద పేరు వేయించుకునే దాత ఒకరు, మంచినీళ్ల ప్యాకెట్ల దాత ఒకరు, ఆర్చీ దాత ఒకరు. ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లాసు మీద ఎవరి ఫొటో వేస్తాం? చెప్పులు వదలమంటే భక్తుడికి కష్టం, దాతకి కాదు. ఈ మాత్రం లౌక్యం తెలియనివాళ్లే పర్యావరణవేత్తలవుతారు.

(ఈ ప్రాంతంలో పొదుపు తెలిసిన దేవుడు లేడని కాదు. మంగళగిరి కొండ మీద పానకాలస్వామికి ఎంత పెద్ద బిందె పోసినా సగమే తాగి మిగతా సగం తెచ్చినవాడికే వదిలేస్తాడు. ఆయన భక్తులం, ఆ సగం కూడా మనమే తాగేసి వస్తాం.)

ఆ మధ్య సింగ్‌నగర్ అవతల ఒక గృహప్రవేశానికి వెళ్లాను. కింద అంతా స్తంభాలే, కాపురం మొదటి అంతస్తు నుంచి. వరద చూసిన మనిషి కదా, జాగ్రత్తపడ్డాడు. పంతులుగారు సంకల్పం చెప్పిస్తున్నారు: "శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే, కృష్ణా గోదావర్యోర్మధ్యదేశే..." భోజనాల దగ్గర ఉండబట్టలేక అడిగాను.

"పంతులుగారూ, అందులో బుడమేరుని కూడా చేర్చకూడదూ? కృష్ణ అంత దూరాన ఉంది, ఇది ఇంటి వెనకేగా."

"అబ్బే, నది పేరైతే చెప్పచ్చండీ," అన్నారాయన పప్పులో నెయ్యి కలుపుకుంటూ. "వాగులూ వంకలూ సంకల్పంలోకి రావు."

ఇంటాయన గరిటె ఆపి మరీ నా వైపు తిరిగాడు.

"వాగేమిటండీ? ఇక్కడ వాగెక్కడుంది? కావాలంటే రిజిస్ట్రేషన్ కాగితాలు చూపిస్తా."