నాలుగు వందల ఏళ్ల ఉద్యోగి

బ్రస్సెల్స్ వెళ్లేవారు అక్కడ ఏమేమి చూడాలో చెప్పమని నన్నెవరూ అడగలేదు. అయినా విషయ గాంభీర్యం దృష్ట్యా చెప్పక తప్పడం లేదు. ఐరోపా సమాఖ్య ప్రధాన కార్యాలయాలూ, నాటో కేంద్రమూ ఆ నగరంలోనే ఉన్నాయి. గ్రాండ్ ప్లాస్ అనే నడిబొడ్డు కూడలిలో 96 మీటర్ల గోపురంతో పురభవనం ఉంది. 1958 నాటి ప్రపంచ ప్రదర్శన కోసం ఇనుప స్ఫటికాన్ని 16,500 కోట్ల రెట్లు పెంచి కట్టిన 102 మీటర్ల అటోమియం ఉంది. ఇన్ని ఉండగా, జనం మాత్రం ఒక వీధి మలుపులో, 55.5 సెంటీమీటర్ల ఎత్తున్న కంచు పిల్లవాడి చుట్టూ మూగి, వాడు నిర్విరామంగా ఒకటికి పోస్తుంటే ఫోన్లెత్తి ఫొటోలు తీసుకుంటారు. తీసుకున్నాక, "ఇంతేనా?" అని పెదవి విరుస్తారు.

ఈ పెదవి విరుపును నేను తీవ్రంగా ఖండిస్తున్నాను. మానెకెన్ పిస్ అనే ఈ బాలుడి కంచు రూపాన్ని 1619లో జెరోమ్ డ్యూకెన్వా అనే శిల్పికి పురమాయించారు. అప్పట్లో ఆ ధార నీళ్లనే ఊరి జనం బిందెల్లో పట్టుకెళ్లి తాగేవారు కనుక, వీడు తొలినుంచీ నీటి సరఫరా శాఖ ఉద్యోగి అన్నమాట. పదోన్నతి లేదు, బదిలీ లేదు. 1747లో ఫ్రెంచి సైనికులు ఎత్తుకుపోబోతే, పరిహారంగా పదిహేనో లూయీ రాజు జరీ దుస్తులూ, వీరపతకమూ ఇచ్చి గౌరవించాడు. నేడు వాడి దుస్తులు వెయ్యికి పైమాటే. వాటికి ప్రత్యేకంగా ఒక మ్యూజియమే ఉంది. ఏ దేశపు దుస్తులు తొడిగినా విధి నిర్వహణకు ఆటంకం రాకుండా కుట్టడంలో దర్జీల నేర్పును ఎంత పొగిడినా తక్కువే.

ఇంతటి సేవలోనూ చిన్న లొసుగు ఉంది. వీధిలో నిలబడినవాడు నకలు. అసలువాడు గ్రాండ్ ప్లాస్‌లోని నగర మ్యూజియంలో నీడపట్టున ఉంటున్నాడు. హోదా ఒకరిది, డ్యూటీ ఒకరిది అనే ఏర్పాటు కేవలం మన కార్యాలయాల ఆవిష్కరణేనని ఇన్నాళ్లూ గర్వపడిన నాకు ఇది కొంత మనస్తాపం కలిగించింది. పైగా, వాడిన నీళ్లే మళ్లీ వాడుతున్నాడని అందరూ నమ్ముతుండగా, రోజుకు వెయ్యి లీటర్లకు పైగా మంచినీళ్లు నేరుగా మురుగుకాలువలోకి పోతున్నాయని 2019లో మీటరు పెట్టాక గాని తేలలేదు. విచారణ సంఘం వేయకుండా, గొట్టం మరమ్మతు చేసి ఊరుకోవడం ఆ నగర పాలకుల అనుభవలేమికి నిదర్శనం.

స్త్రీపురుష సమానత్వం 368 ఏళ్లు ఆలస్యంగా, 1987లో, ఒక సందు చివర జానెకె పిస్ అనే బాలిక రూపంలో వచ్చింది. ఆమెను ఇనుప చువ్వల వెనక ఉంచారు. మరో పదేళ్లు దాటాక కాలెత్తిన వీధికుక్క విగ్రహాన్ని కూడా ఒక కూడలిలో నిలిపారు గాని, దానికి నీటి గొట్టం అమర్చలేదు. కనెక్షన్ కోసం అది పెట్టుకున్న దరఖాస్తు ఇంకా ఏ బల్ల మీద ఉందో.