నడుస్తున్న కారు బ్యాటరీ తీగ పీకకండి

పాత కారు నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంటే మెకానిక్‌కు డబ్బు పోయనక్కర్లేదని, ఆరు చిట్కాలతో ఇంటి దగ్గరే బాగుచేసుకోవచ్చని ఒక సందేశం కొంతకాలంగా చెన్నై తెలుగువాళ్ల ఫోన్లలో తిరుగుతోంది. వేళచ్చేరి మిత్రులు పంపారు. నెల్లూరు బంధువుల వాట్సాప్ బృందంలో మా బాబాయి పెట్టారు. నిన్న మళ్లీ మా అపార్ట్‌మెంట్ బృందంలో ప్రత్యక్షమైంది. పంపిన ప్రతివాళ్లూ కింద "అందరికీ పంపండి" అని రాశారు. ఆ ఆరింటిలో ఒకటి మంచిది, రెండు వట్టివి, మూడు మాత్రం కారుకో మనిషికో ముప్పు తెచ్చేవి. ఊరుకోవడం నా వల్ల కాలేదు.

పెట్రోలు సంగతి ముందు తేల్చేద్దాం. ఇథనాల్ కలిపిన పెట్రోలు వల్లే పాత కార్లు ఆగుతున్నాయని, ఖరీదైన రకం పోయిస్తే సరిపోతుందని నాలుగో చిట్కా. 20 శాతం ఇథనాల్ పాత కార్ల రబ్బరు గొట్టాలకు, సీళ్లకు మంచిది కాదన్నంత వరకు నిజమే. వాటిని ఒకసారి చూపించుకోవాలి. కానీ సిగ్నల్ దగ్గర ఇంజిన్‌తో పాటు డ్యాష్‌బోర్డు దీపాలూ రేడియో కూడా ఒక్కసారిగా ఆరిపోయి, కాసేపటికి ఏమీ జరగనట్టు కారు మళ్లీ స్టార్టయితే అందులో పెట్రోలు పాత్ర ఏముంది? పెట్రోలు రేడియోను ఆర్పదు.

ఇక మొదటి చిట్కా. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయాలట. ఇంజిన్ ఆగితే ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుండగా కరెంటు పుట్టించే యంత్రం) పోయినట్టు, ఆగకపోతే బాగున్నట్టు అట. ఇది ఎలక్ట్రానిక్స్ లేని బండ్ల కాలం నాటి అలవాటు. అప్పుడు కూడా దీనితో తేలేది తక్కువే. యాంత్రిక పంపు ఉన్న పాత డీజిల్ ఇంజిన్లలో కొన్నింటికి ఒకసారి స్టార్టయ్యాక నడవడానికి కరెంటే దాదాపు అక్కర్లేదు. ఆల్టర్నేటర్ పూర్తిగా చచ్చిపోయినా అవి నడుస్తూనే ఉంటాయి. పెట్రోలు ఇంజెక్షన్ కారులో జరిగేది వేరు. ఆల్టర్నేటర్ పంపే కరెంటును బ్యాటరీ తీసుకుంటూ ఉంటుంది. ఆ దారి హఠాత్తుగా తెగితే అంత వేగంగా కరెంటు తగ్గించడం ఆల్టర్నేటర్‌కు సాధ్యం కాదు. సెకనులో కొద్ది భాగం సేపు 14 వోల్టులు ఉండాల్సిన చోట పదుల వోల్టులు, రక్షణ లేని కార్లలో 80 దాటి కూడా, వైరింగ్‌లోకి దూకుతాయి. వాహనాల ఎలక్ట్రానిక్స్‌కు వర్తించే ఐఎస్ఓ 16750 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఈ ఒక్క ప్రమాదానికే ప్రత్యేకమైన పరీక్ష ఉంది. ఇరవై ఏళ్ల నాటి ఇంజిన్ కంప్యూటర్ ఆ దెబ్బకు తట్టుకుంటుందో లేదో మీ సొంత కారు మీద తేల్చుకోవాలా?

ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ వీధికి వెళితే కొన్ని వందల రూపాయలకే వోల్టులు కొలిచే మల్టీమీటర్ దొరుకుతుంది. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి. హెడ్‌లైట్లు, ఏసీ ఫ్యాను వేశాక 13 కిందికి జారిపోతుంటే అప్పుడు ఆల్టర్నేటర్‌ను, దాని బెల్టును అనుమానించండి. తీగ పీకే అవసరం ఎక్కడా లేదు.

నన్ను నిజంగా కోపానికి గురిచేసింది రెండో చిట్కా. ఫ్యూజు మాటిమాటికీ కాలిపోతుంటే పెద్ద ఆంపియర్ల ఫ్యూజు వేయండి, అది దొరక్కపోతే రాగి తీగ చుట్టండి అని రాశారు. రాసినవాళ్లు ఎవరో నాకు తెలియదు. ఫ్యూజు ఎందుకు పెడతారో మాత్రం వాళ్లకు తెలియదని తెలుస్తోంది. అది కాపాడేది వెనక ఉన్న తీగను. సన్నని తీగకు 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు ఇచ్చారంటే ఆ తీగ అంతకు మించి మోయలేదని లెక్కగట్టే ఇచ్చారు. దాని స్థానంలో 30 ఆంపియర్ల ఆకుపచ్చ ఫ్యూజు పెడితే మూడు రెట్ల కరెంటు పారగలదు. వేడి కరెంటు వర్గాన్ని (కరెంటును దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది కాబట్టి తీగలో పుట్టే వేడి తొమ్మిది రెట్లు. రాగి తీగ చుడితే ఆ మాత్రం హద్దు కూడా ఉండదు. ఆ తీగ పోయేది ఎక్కడినుంచి? డ్యాష్‌బోర్డు వెనక నుంచి, కార్పెట్ కింద నుంచి, మీరు కూర్చున్న సీటు పక్క నుంచి.

పుదుపేటలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ విప్పిన ఫ్యూజు పెట్టెను నేను దగ్గరగా చూశాను. ఎర్ర ఫ్యూజు ఉండాల్సిన గదిలో నాలుగు పోగుల రాగి తీగ మెలితిప్పి దోపి ఉంది. చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి ఒక పక్కకు కుంగిపోయింది. పెట్టె వెనక్కి తిప్పితే మూడు తీగల తొడుగులు కరిగి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆయన ఓపికగా తీగను పట్టుకుని ఇంజిన్ కిందికి వెళ్లారు. ఆక్సిజన్ సెన్సర్ తీగను పట్టి ఉంచే క్లిప్పు విరిగి, తీగ పొగగొట్టం మీదికి జారింది. తొడుగు మాడి చిన్న గోరంత మేర రాగి బయటపడింది. గతుకు వచ్చినప్పుడల్లా అది గొట్టానికి తగులుతుంది, ఫ్యూజు కాలుతుంది, ఇంజిన్ ఆగుతుంది. కొత్త క్లిప్పు, కొంచెం తీగ, కొంచెం తొడుగుతో పోయే పని అది. రాగి పోగులు పెట్టాక ఇంజిన్ ఆగడం మానేసింది, తీగలు ఉడకడం మొదలైంది. ఆ కారులో రోజూ ఇద్దరు పిల్లలు బడికి వెళతారు. ఇలాంటి చిట్కాను "చాలా ఉపయోగం" అంటూ పదిమందికి పంపేవాళ్లకు చేతులెలా వస్తున్నాయి?

ఐదో చిట్కా: నడుస్తున్నప్పుడు ఇంజిన్ ఆగితే తాళం చెవి పూర్తిగా తీసి మళ్లీ పెట్టి తిప్పాలట. కత్తిపారా వంతెన మీదో మదురవాయల్ బైపాస్ మీదో ఆ పని చేసి చూడమనండి. చెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడుతుంది. అసలే ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ ఒకటి రెండు తొక్కులకు మించి మిగలదు. చెవిని అలాగే ఉంచండి. క్లచ్ తొక్కి, నాలుగు దీపాలూ మిణుకుమనే స్విచ్ నొక్కి, బ్రేకును ఒకే పట్టున అదిమి ఎడమ పక్కకు చేరండి. తక్కినవన్నీ ఆ తర్వాతే.

మూడో చిట్కా, రాత్రంతా బ్యాటరీ తీసి ఉంచితే కంప్యూటర్ తప్పును మరిచిపోతుందన్నది. నిజమే, మరిచిపోతుంది. నష్టం కూడా అదే. తప్పు ఏ సెన్సర్‌ది, అది నమోదైన క్షణంలో ఇంజిన్ వేగం ఎంత, వేడి ఎంత అన్నవి చాలా కార్ల కంప్యూటర్లలో భద్రంగా ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే లోపానికి అంతకు మించిన సాక్ష్యం ఉండదు. దాన్ని మీ చేత్తో తుడిచేసి, మర్నాడు ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లి "ఏమీ దొరకలేదంటున్నారు" అని నిందిస్తే ఎలా?

తుడిచేయడానికి బదులు గమనించండి. ఆగిన క్షణంలో దీపాలన్నీ ఆరిపోయాయా? అయితే బ్యాటరీ టెర్మినళ్లు, ప్రధాన ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్‌కు, బాడీకి కలిపే తీగ), తాళం స్విచ్ చూడాలి. దీపాలు వెలుగుతూనే ఉండి, కారు ఇంకా గేరులో దొర్లుతుండగానే ఇంజిన్ వేగం చూపే ముల్లు సున్నాకు పడిందా? ఇంజిన్ తిరుగుతున్న వేగాన్ని కంప్యూటర్‌కు చెప్పే క్రాంక్ సెన్సర్‌ను అనుమానించవచ్చు. వేడెక్కితే లోపలి చుట్ట తెగి, చల్లారాక మళ్లీ పనిచేసే సెన్సర్లు చెన్నై మే నెలలో కొత్తేమీ కాదు. గుడగుడమని తడబడి ఆగిందా? ఇంధన పంపు, దానికి కరెంటు అందించే స్విచ్ అయిన రిలే, ఫిల్టరు చూడాలి. ఈ మూడు ప్రశ్నలకు జవాబు రాసుకుని వెళితే సగం పని అయిపోతుంది.

ఆరో చిట్కా టెర్మినళ్లు, ఎర్త్ తీగలు శుభ్రం చేయమన్నది. అక్షరాలా నిజం. సముద్రపు గాలి తగిలే తిరువాన్మియూరులోనే కాదు, 2015, 2023 డిసెంబరు వరదల్లో మునిగి తేలిన కార్లలోనూ సీట్ల కింద, కార్పెట్ల కింద ఉన్న కనెక్టర్లకు పచ్చని చిలుము పట్టి నెలల తర్వాత బయటపడుతుంది. రుద్ది వదిలేయకుండా కొలవండి కూడా. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్ టెర్మినల్‌కు, రెండోది ఇంజిన్ మీద గీరిన లోహానికి ఆనించి స్టార్టర్ తిప్పించండి. అర వోల్టు దాటితే ఆ ఎర్త్ పనికిరాదు. స్టార్టర్ తిప్పకుండా ఓమ్‌లలో కొలిస్తే మాత్రం, ఒక్క పోగు మిగిలిన తీగ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

మెకానిక్‌లంతా దోచుకునేవాళ్లేనన్న ఆ సందేశంలోని చివరి వాక్యాన్ని కొట్టిపారేయాలనుకున్నాను. పూర్తిగా కొట్టిపారేయలేను. ముందు ప్లగ్గులు, తర్వాత పంపు, ఆఖరికి కంప్యూటర్ అంటూ ఊహ మీద సామాన్లు మార్చి, ప్రతిదానికీ బిల్లు వేసి, లోపాన్ని మాత్రం అలాగే ఉంచే గ్యారేజీలు ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే. ఏ భాగం మార్చబోయినా కొలిచిన అంకె చూపించమని అడగండి. చూపించలేకపోతే కారు తీసుకుని బయటికి రండి.

బాబాయి, మీతో సహా అందరికీ ఒక్క మనవి. ఆ సందేశాన్ని మీరు ఎవరికి పంపారో వాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి, ఫ్యూజు పెట్టె తెరిచి చూడమని చెప్పండి. రాగి తీగ కనిపిస్తే తీసేసి, మూత మీద రాసి ఉన్న ఆంపియర్ల ఫ్యూజే వేయమనండి. అది మళ్లీ కాలితే ఎలక్ట్రీషియన్ తీగ వెతికిపెట్టేదాకా ఆ కారు తీయొద్దని చెప్పండి.