నాలుగు రోడ్ల శిల్పకళ

పల్లెటూళ్లలో కళ అంతరించిపోతోందని ఏసీ హాళ్లలో కూర్చుని కుమిలిపోయే పెద్దమనుషులు ఒక్కసారి మా ఊరి సెంటర్‌కి రావాలి. ఈ మధ్యే అక్కడ ఇంకో విగ్రహం లేచింది. బంగారు రంగు కొట్టిన ఫైబర్ బొమ్మ, పంచె, కండువా, పైకెత్తిన కుడి చెయ్యి. ఎవరిదో ముఖం చూసి చెప్పడం మాత్రం కష్టం. ఆవిష్కరణ రోజున ముసుగు తీయగానే స్వయానా కొడుకే కాసేపు ఎగాదిగా చూసి, "నాన్నకి మీసాలుండేవి కదండీ" అన్నాడు. "రేపు పెట్టిద్దాం లెండి" అన్నారు కమిటీవాళ్లు. మర్నాడు నల్ల పెయింటుతో మీసాలు వచ్చాయి. మన దగ్గర కళాకారులకి కొదవ లేదని చెప్పడానికే ఈ సంగతి చెబుతున్నాను.

అసలు కళంతా శిలాఫలకంలో ఉంది. పోయినాయన పేరు చీమ తలకాయంత. ఆవిష్కర్త పేరు అరచెయ్యంత. తర్వాత ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, సభాధ్యక్షులు, విరాళదాతలు, వారి పర్యవేక్షకులు. మండల నాయకుడొకాయన పేరు జారిపోయినందుకు అలిగితే ఆయన కోసం విడిగా రెండో ఫలకం బిగించారు. ఇన్ని పేర్లలో బొమ్మ చేసినవాడి పేరు లేదు. తెనాలిలోనో కొత్తపేటలోనో చేయించి ఉంటారు. అడ్వాన్సు పోను మిగతా డబ్బులు ముట్టాయో లేదో ఆ శిల్పికే తెలియాలి.

చిత్రకళలోనూ మనం తక్కువేం కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఆఫీసులకి అధికార పార్టీ రంగులు వేశారని 2020లో హైకోర్టు మొట్టికాయ వేస్తే, ప్రభుత్వం ఉన్న రంగులు తీయకుండా పక్కన మట్టి రంగు కలిపి కొత్త జీవో ఇచ్చింది. ఆకుపచ్చ అంటే పంటలట, నీలం అంటే చేపల చెరువులట, తెలుపు అంటే పాలట, మట్టి రంగంటే మట్టేనట. ఇంత లోతైన చిత్ర విమర్శ ఏ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలోనూ చెప్పి ఉండరు. కోర్టులకి కళాదృష్టి తక్కువ కదా, ఆ జీవోనీ కొట్టేశాయి. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా రంగు నిలవలేదు.

ఈ కళాసంపదని ఎన్నికలప్పుడు చూడాలి. నోటిఫికేషన్ వచ్చిందంటే విగ్రహాలకి ముసుగులు కట్టాలి. పంచాయతీ సెక్రటరీ గారు నిచ్చెన వేయించి, షామియానా షాపుకి గుడ్డ కోసం మనిషిని పంపారు. వాడు పసుపు తెచ్చాడు. సెక్రటరీకి చెమటలు పట్టాయి. వెనక్కి పంపితే నీలం వచ్చింది, తర్వాత కాషాయం. గులాబీ పక్క రాష్ట్రం పార్టీదే అయినా రిస్కెందుకని వద్దన్నారు. చివరికి ఎవరింట్లోదో తెల్ల దుప్పటి దొరికితే, "మా తాతని శవంలా చుడతారా" అని మనవడు నిచ్చెన పట్టుకు లాగాడు. ఎలాగో సర్దిచెప్పి చుట్టారు. చుట్టాక చూస్తే ఎత్తిన చెయ్యి ఒక్కటీ దుప్పటిలోంచి బయటికొచ్చింది, అయిదు వేళ్లూ చాచుకుని. హస్తం గుర్తు! ఎవరో ఫోటో తీసి అప్పుడే వాట్సాప్‌లో పెట్టేశారు. సెక్రటరీ పరుగున ఒక యూరియా సంచి తెచ్చి చేతికి తొడిగించారు. సంచి మీద పెద్దక్షరాలతో ప్రధానమంత్రి పథకం పేరు. ఆయన నిచ్చెన కింద కూలబడిపోయారు. చివరికి సంచిని తిరగేసి తొడగమని సలహా ఇచ్చింది అక్కడ టీ అమ్మే ఆవిడ. కౌంటింగ్ అయ్యేదాకా మా సెంటర్‌లో ఆ సంచి చెయ్యి అలాగే ఊరినంతా ఆశీర్వదించింది.

తోలుబొమ్మలాట అని ఒకటుండేది. తెల్ల తెర కట్టి, వెనక దీపం పెట్టి, రాత్రంతా రామాయణం ఆడేవాళ్లు. మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఊరి పెద్దలని పేరుపెట్టి మరీ ఉతికేవాళ్లు. పెద్దలు ముందు వరసలో కూర్చుని నవ్వక తప్పేది కాదు. నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. బాగానే ఉంది. ఆట ఆడించేవాళ్లు లేక అక్కడి కుటుంబాలు ల్యాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నాయి. ఫైబర్ విగ్రహంతో ఆ ఇబ్బంది లేదు. అది పెద్దలని ఒక్క మాటా అనదు.

ఒక్క విగ్రహం మాత్రం అంటుంది. నీలం కోటు, చేతిలో రాజ్యాంగం, చాచిన చూపుడువేలు. ఊళ్లో నాయకుడి ఖర్చుతో కాకుండా జనం చందాలతో లేచే విగ్రహం అదొక్కటే. కూలి డబ్బుల్లోంచి తీసి నోటుబుక్కులో రాసుకుని మరీ పోగేస్తారు. మా పేటవాళ్లు అలా పోగేసి, సెంటర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చోటడిగారు. అప్పుడు గుర్తొచ్చింది అధికారులకి చట్టం. రోడ్ల మీద, జనం వాడుకునే స్థలాల్లో విగ్రహాలకి అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు చెప్పిందట. చెప్పిన మాట నిజమే. మరి ఈ మీసాలాయన ఎక్కడ నిలబడ్డాడు, గాల్లోనా? ఆ రోజు కాంక్రీటు పోస్తుంటే అదే అధికారి పక్కన కుర్చీ వేసుకుని కొబ్బరి బొండం తాగలేదా? ట్రాఫిక్‌కి అడ్డమని ఒకరు, శాంతిభద్రతలని ఒకరు. శాంతి ఎవరు చెడగొడతారట? చెప్పుల దండ వేసేవాడా, చోటడిగినవాడా? సిగ్గుండాలి. నడిబొడ్డున ఆ వేలు లేస్తే రోజూ దాని కిందనుంచి నడవాలి, అదీ వీళ్ల బాధ. ఆ మాట నోటితో అనలేక సుప్రీంకోర్టుని అడ్డం పెట్టుకుంటారు.

పేటవాళ్లు విగ్రహాన్ని పేటలోనే, తమ సొంత స్థలంలో పెట్టుకున్నారు. ఏప్రిల్ 14న సెంటర్ పెద్దలంతా కార్లేసుకుని వరసగా వస్తారు. దండలు వేస్తారు, నమస్కారం పెట్టి ఫోటో దిగుతారు. టీ గ్లాసులు పట్టుకొస్తే, "ఇప్పుడే తాగొచ్చామండీ" అంటారు, ఒక్కరు మిగలకుండా.