గుండ్రటి గాజు గిన్నెగారికి, 3,150 రూపాయల తర్వాత

మహారాజశ్రీ గాజు గిన్నెగారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే అనుకున్నాను. కానీ తమరు బాల్కనీలో బోర్లాపడి ఉన్నారు, మా ఫైటర్ చేప ప్లాస్టిక్ టబ్బులో ఒక పక్కకు ఒరిగి ఉంది, నా కుడిచేతి వేళ్ళు మూడు నీలంగా మారి సబ్బుకు లొంగడం లేదు. కుశలం ఎవరిదని రాయమంటారు?

ఈ ఆదివారం మధ్యాహ్నం తమరు పుట్టి పెరిగిన దుకాణానికి వెళ్ళాను. ఒంటిగంటకు బయలుదేరినవాడిని ఇల్లు చేరేసరికి నాలుగున్నర. దుకాణదారు నా ఫోనులో చేప ఫొటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసి, పెదవి విరిచి, "దేంట్లో పెట్టారు సార్?" అన్నాడు. మీరు ఇచ్చిన గిన్నెలోనే అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. "గిన్నెలో పెడితే అంతే కదా సార్. ఫైటర్‌కు గిన్నె ఎలా సరిపోతుంది?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన తల వెనక అరలో తమ బంధువర్గం ఏడుగురు వరుసగా కొలువుతీరి ఉన్నారు. ఒక్కొక్కరి కడుపులో ఒక్కొక్క ఫైటర్. ఒకటి పక్కదాన్ని చూసి రెచ్చిపోకుండా మధ్యలో అట్టముక్కలు.

నవంబరులో ఇదే మనిషి ఇదే స్టూలు మీద కూర్చుని చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "దీనికి ఏమీ అక్కరలేదు సార్." మోటారు అక్కరలేదు, ఫిల్టరు అక్కరలేదు, పెద్ద తొట్టి అసలే అక్కరలేదు. మా అమ్మాయి కుక్కపిల్ల కావాలని మారాం చేస్తోంది, అపార్ట్‌మెంటు సంఘం ఒప్పుకోదు. ఏమీ అక్కరలేని ప్రాణి ఒకటి లోకంలో ఉందంటే కాదంటానా? చేప 150, తమరు 120, రంగురాళ్ళు 40, ప్లాస్టిక్ మొక్క 30, తిండి 60. నాలుగు వందల్లో పితృధర్మం పూర్తయింది.

రంగడు అని పేరు పెట్టింది మా అమ్మాయి. పేరుకు తగ్గట్టే ఉన్నాడు. ముదురు నీలం ఒళ్ళు, ఎర్రని తోక. వెనక్కి తిరిగినప్పుడల్లా ఆ తోక పట్టుచీర కుచ్చిళ్ళలా విచ్చుకుని మళ్ళీ ముడుచుకునేది. నేను ఆఫీసు నుంచి రాగానే గాజు దగ్గరికి వచ్చి ఒళ్ళంతా ఊపేవాడు. తిండి కోసమే అని తెలుసు. అయినా ఈ ఇంట్లో నన్ను చూసి ఆ మాత్రం ఊగేవాళ్ళు ఇంకెవరు?

తమరి ఘనత గురించి మనవి చేస్తాను. తమరిని నిన్న రాత్రి లీటరు సీసాతో కొలిచాను. ఒకటిన్నర పోసేసరికి అంచు దాటింది. చేప ఎగిరి దూకకుండా పైన కాస్త ఖాళీ వదిలితే మిగిలేది లీటరు పైచిలుకు. అందులో రాళ్ళ వాటా పోను రంగడికి దక్కింది ఇంచుమించు ఒక చెంబు నీళ్ళు. ఈ జాతికి కనీసం పది లీటర్లు, వీలైతే ఇరవై కావాలట. ఈ ముక్క తమరి అట్టపెట్టె మీద ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. దాని మీద రెండు గోల్డ్‌ఫిష్‌లు నవ్వుతున్న బొమ్మ ఉంది.

"ఇది పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది సార్, అందుకే ఏమీ అక్కరలేదు" అన్నాడు. నిజమే. నేరుగా గాలి పీల్చుకునే అవయవం దానికి తలలో ఉంది. అయితే? నేనూ గాలే పీల్చుకుంటాను, అలాగని కాపురం మరుగుదొడ్డిలో పెట్టమంటే పెడతానా? చేప వదిలిన మలినం, తినకుండా మిగిలిన గింజలు, అన్నీ అమోనియాగా మారి మొప్పలను కాలుస్తాయి. దాన్ని అరిగించే సూక్ష్మజీవులు తొట్టిలో స్థిరపడడానికి నెల నుంచి నెలన్నర పడుతుంది. మేము వాటికి ఏడు రోజులకు మించి ఇవ్వలేదు. ప్రతి ఆదివారం తమరిని ఖాళీ చేసి, రాళ్ళతో సహా కడిగి, మెరిపించి, కొత్త నీళ్ళు పోశాం. ఒక వారమైతే మా అమ్మ, గిన్నె అన్నారు కదా అని గిన్నెల సబ్బుతోనే తోమింది. తప్పు ఆమెది కాదు. పేరు తమరిది.

"పొలంలో మోకాలి లోతు నీళ్ళలో బతికే చేప సార్" అని ఇంకో మాట. అదీ నిజమే, థాయ్‌లాండ్ వరిమళ్ళలో. లోతు మోకాలిదాకానే, వెడల్పు మాత్రం ఎకరాల లెక్క. ఆ దేశం 2019లో దీనికి జాతీయ జలచరం హోదా ఇచ్చింది. అక్కడ జాతీయ హోదా ఉన్నవాడిని ఇక్కడ టీవీ పక్కన చెంబు నీళ్ళలో కూర్చోబెట్టి వార్తలు చూపించాం.

నీళ్ళ సంగతి ఎత్తను. మున్సిపల్ నీళ్ళంటే క్లోరిన్, బోరు నీళ్ళంటే ఉప్పు, ప్యూరిఫైయర్ నీళ్ళంటే సారం లేదు. ఏది చెప్పినా "అదే సార్ తప్పు" అనడానికి దుకాణంలో సిద్ధంగా ఉంటారు. చుట్టాల సంగతీ ఎత్తను. చేప పోతే మంచిదేనట, ఇంటికి రావాల్సిన కీడును అది తీసుకుపోతుందట. మా కీడు అంత చిన్నదైతే ఎంత బాగుండేది!

చలి వచ్చింది. వాడికి ఇరవై అయిదు డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. జనవరిలో ఒక హైదరాబాదు తెల్లవారుజామున జ్వరాలు చూసే థర్మామీటరు తమరిలో ముంచాను. పాదరసం కదలనే లేదు. అది ముప్పై అయిదు నుంచి మొదలవుతుందని మా అమ్మాయి చెప్పింది, నాలుగో తరగతి. సరైనది కొని ముంచితే పంతొమ్మిది. హీటరు పెడదామంటే తమరిలో చేప ఉంటే హీటరు పట్టదు, హీటరు ఉంటే చేప పట్టదు. రంగడి తోక అంచులు అగరుబత్తి కొసల్లా నల్లబడి రాలడం మొదలైంది. మొన్న సాయంత్రం ఇంటికి వస్తే గాజు దగ్గరికి రాలేదు. నీలం రాళ్ళ మీద పడుకుని ఒక్క కన్ను నా వైపు తిప్పాడు.

ఇక చాలు. నీకు 'తమరు' ఏమిటి, 'గారు' ఏమిటి! నువ్వు ఊరగాయకు పనికిరావు, పువ్వులకు పనికిరావు. చింతపండు పోసుకుంటానని తీసుకున్న మా అమ్మ కూడా మూత లేదని తిరిగి ఇచ్చేసింది. లోకంలో ఏ పనికీ రానిదాన్ని ప్రాణం ఉన్నదాని నెత్తిన రుద్దారు. ఆ మనిషి "తొట్టికి, హీటరుకు ఇంత అవుతుంది, స్తోమత ఉంటేనే కొనండి" అని ఒక్క మాట అని ఉంటే కొనేవాడినో, కుక్కపిల్ల కోసం సంఘంతో పోట్లాడేవాడినో. అడిగే అవకాశం ఇవ్వలేదు. ఈ రోజు అదే కౌంటరు మీద అన్నీ పేర్చాడు. తొట్టి 1,400. హీటరు 450. గాలి మోటారు, స్పాంజి ఫిల్టరు 500. అమోనియా చూసే చుక్కలు 600. క్లోరిన్ విరిచే మందు 150. నా వేళ్ళకు అంటిన ఈ నీలం మందు, చేప జబ్బుకు, 50. ఏమీ అక్కరలేని చేపకు అక్షరాలా మూడు వేల నూట యాభై. ఎండిన బాదం ఆకులు కూడా తీశాడు, నీళ్ళకు మంచిదట, పది ఆకులు రెండు వందలు. అక్కడ మాత్రం ఆగాను. మా వీధి చివర బడి గోడ పక్కన బాదం చెట్టుంది. చిన్నప్పుడు ఆ కాయలు రాళ్ళతో కొట్టి పప్పు తిన్నవాడిని, ఆకు కొంటానా? చీకటిపడ్డాక ఫోను వెలుతురులో నాలుగు ఏరుకొచ్చాను. వాచ్‌మన్ ఎందుకని అడిగాడు. చేపకు అన్నాను. ఆయన ఇంకేమీ అడగలేదు.

కొత్త తొట్టి చేపలేకుండా బుడబుడలాడుతోంది. ఆ సూక్ష్మజీవులు స్థిరపడేదాకా, ఇంకో నెల అలాగే నడవాలి. రంగడు టబ్బులో ఆకు కింద ఉన్నాడు, నీళ్ళు ఇరవై ఆరు. తొమ్మిదింటికి ఒక గింజ వేస్తే వదిలేశాడు. పదింటికి ఇంకొకటి వేశాను. చూసి, ఆలోచించి, మింగాడు. తర్వాత హీటరు గాజులో తన నీడ కనిపించినట్టుంది, చిరిగిన తోకతోనే దాని ఎదురుగా నిలబడి పోట్లాటకు మొప్పలు విప్పాడు.

మా అమ్మాయిని నిద్రలేపాను. రేపు బడి ఉందని వాళ్ళమ్మ కోప్పడింది.

ఇట్లు,
నీ మాజీ యజమాని