మా హాలు ఫాల్స్ సీలింగు గారికి

మహారాజశ్రీ ఫాల్స్ సీలింగు గారి సముఖమునకు,

నమస్కారాలు. మేమిక్కడ కింద క్షేమం. తమరు పైన క్షేమంగా లేరని సోఫా మీద పడుతున్న చుక్కల వల్ల తెలుస్తోంది.

నిన్న ఆదివారం పూటంతా తమరినే చూస్తూ కూర్చున్నాను. తమ పొట్ట మీద తేలిన టీ రంగు మరకను చూడ్డానికి మనిషిని పంపిస్తానని ఇంటీరియర్ ఆయన మాటిచ్చాడు కదా. పదకొండింటికి 'బయల్దేరాడు సార్'. ఒంటిగంటకి 'దారిలో ఉన్నాడు సార్'. మూడింటికి 'కొంచెం ట్రాఫిక్ సార్, మీకు తెలియనిదేముంది'. ఐదింటికి స్విచాఫ్. ఈలోగా మేం సోఫా జరిపి, టీవీ మీద దుప్పటి కప్పి, నేలంతా పాత పేపర్లు పరిచి, బకెట్ పెట్టి, భోజనం కూడా వంటింట్లో నిలబడే కానిచ్చాం.

పైఫ్లాటు ఆయన్ని అడిగితే 'మా బాత్రూంలో చుక్క లీకేజీ లేదండీ, కావాలంటే వచ్చి చూసుకోండి' అన్నాడు. అంటూనే తలుపు సగం మూశాడు. ప్లంబరేమో 'సీలింగు కొయ్యకుండా ఏం చెప్పలేను సార్' అన్నాడు. సీలింగు కొయ్యడం ప్లంబరు పని కాదట. సీలింగు వేసినాయన 'ముందు లీకేజీ ఆపించండి, ఆ తర్వాత ప్యాచ్ వేస్తాం' అన్నాడు. లీకేజీ ఎక్కడుందో తెలియాలంటే సీలింగు కొయ్యాలి. కొయ్యాలంటే లీకేజీ ఆగాలి. ఇంత చక్కటి ఏర్పాటు చేసినందుకు తమరికి శతకోటి దండాలు.

తమరు మా ఇంటికి ఎలా వేంచేశారో మర్చిపోయి ఉంటారు. మేం అడిగింది కిచెనూ, వార్డ్‌రోబులూ. తమరు ప్యాకేజీలో దిగారు. 'మాకొద్దండీ' అంటే 'తీసేసినా రేటు తగ్గదు సార్' అన్నారు. ఆ మీదట ల్యాప్‌టాప్ తెరిచి త్రీడీ బొమ్మ చూపించారు. అందులో మా హాలు వంద మందికి బంతి భోజనాలు పెట్టేంత ఉంది. సోఫా పక్కన మాకు లేని కుక్కొకటి పడుకుని ఉంది. కిటికీలోంచి కొండలు కనిపిస్తున్నాయి. అసలు కిటికీ తీస్తే కనిపించేది పక్క అపార్ట్‌మెంటు వాళ్లు ఆరేసుకున్న లుంగీలు. ఆ బొమ్మలో తమరు మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉన్నారు: వరసలు వరసలుగా మెట్లు, మెట్టు మెట్టుకీ ఒక వెలుగు గీత, నడిమధ్యలో పువ్వు ఆకారంలో ఒక గుంట.

'రిచ్ లుక్ వస్తుంది సార్' అన్నాడాయన.

గృహప్రవేశానికొచ్చిన మా చిన్నాన్న ఆ లైట్ల కింద నిలబడి, అటూ ఇటూ చూసి, 'స్వీట్ షాపు మాదిరి ఉందిరా, అద్దాల బీరువా ఒకటి తక్కువ' అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడనే మా ఆవిడ ఇప్పటికీ వాదిస్తుంది.

రిచ్ లుక్ పార్టీలో తమరొక్కరే లేరని నాకు తెలుసు. ఏ ఫ్లాటుకెళ్లినా సోఫా వెనక పరిగెత్తుతూనే ఉండే ఏడు తెల్ల గుర్రాలున్నాయి. బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి ఉంది, ఎండకి వెలిసి నీలంగా మారుతోంది. చెమ్మ గోడ మీద అంటించిన ఇటుకల బొమ్మ వాల్‌పేపరు అంచులు లేచిపోయి, వెనకున్న నిజం ఇటుకల గోడను చూపిస్తోంది. నేలకి జానెడు ఎత్తులోనే ఆగిపోయిన కర్టెన్లున్నాయి. వీళ్లెవరి మీదా నాకు పగ లేదు. గుర్రాలను మేకు మీంచి దించేయొచ్చు. గడ్డిని చుట్ట చుట్టి వాచ్‌మన్‌కి ఇచ్చేయొచ్చు. తమరిని దించాలంటే ఇల్లు ఖాళీ చేయాలి.

తమ వంశం గొప్పది, కాదనను. పెద్ద పెద్ద ఆఫీసుల్లో తమవాళ్లకి గౌరవమైన ఉద్యోగాలున్నాయి. ఏసీ డక్టులు, మంటలార్పే నీళ్ల పైపులు, కట్టలు కట్టలుగా కేబుళ్లు, అవన్నీ నెత్తిన వేలాడుతుంటే బాగోవు కాబట్టి కింద ఒక కప్పు వేస్తారు. అదీ రెండడుగుల చదరాలుగా. ఏదైనా తేడా వస్తే ఎలక్ట్రీషియన్ నిచ్చెనెక్కి ఒక పలక ఎత్తి, లోపల చూసుకుని, మళ్లీ పెట్టేస్తాడు. మరి మా ఇంట్లో తమరు దాస్తున్నదేమిటి? వైరింగు పైపులు స్లాబు పోసిన రోజే కాంక్రీటులో కలిసిపోయాయి. డక్టుల్లేవు, పైపుల్లేవు. దాచడానికి మా హాల్లో స్లాబు తప్ప ఏమీ లేదు. దానికేం తక్కువైంది? లప్పం పెట్టి రెండు కోట్లు తెల్లరంగు వేస్తే ఇంకో పదేళ్లు దాని జోలికెళ్లే పనుండదు.

పోనీ, టాప్ ఫ్లోర్ వాళ్లకి ఎండాకాలం తమ వల్ల వేడి కాస్త తగ్గుతుందంటే ఒప్పుకుంటాను. మాది ఐదంతస్తుల్లో మూడోది.

ఇన్నాళ్లకి తమకీ ఒక ఉద్యోగం దొరికింది. లీకేజీని దాస్తున్నారు. పైవాళ్ల బాత్రూం మూలలో ఎక్కడో దిగిన నీళ్లు స్లాబు అడుగున పాకి, తమరు వేలాడే ఇనప పట్టీ, అదే జీఐ ఛానల్, పట్టుకుని తీరిగ్గా నడిచి, వచ్చి వచ్చి మా సోఫా మీద కారుతున్నాయి. మరక ఉన్నచోట లీకేజీ లేదు. లీకేజీ ఉన్నచోట మరక లేదు. మధ్యలో ఎన్నడుగుల చీకటి ఉందో తమకే తెలియాలి. ఆ చీకట్లోకి చూడ్డానికి పలక లేదు, కన్నం లేదు. ఒక ట్రాప్ డోర్ పెట్టండని అప్పట్లోనే అడిగాను. 'లుక్ పోతుంది సార్' అన్నారు.

కదిరి దగ్గర మా తాతది మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, ఆ పైన చవుడు మట్టి. వానకు ఎక్కడైనా కారితే అవ్వ ఆ చుక్క కింద చెంబు పెట్టేది. వాన వెలిశాక తాత ఒక తట్టెడు చవుడు మోసుకుని మిద్దెక్కి, కారే చోట పోసి, కాళ్లతో తొక్కి దిగొచ్చేవాడు. అయిపోయింది. కాంట్రాక్టరు లేడు, స్విచాఫ్ లేదు. ఎక్కడ కారుతోందో ఇంట్లో పిల్లలతో సహా అందరికీ తెలుసు. ఎందుకంటే తల పైకెత్తితే ఇంటి కప్పే కనిపించేది.

ఇప్పుడు కప్పు కనిపించదు. నువ్వు కనిపిస్తావు.

అవును, నువ్వే. తమరు తమరంటుంటే నోరు నొప్పెడుతోంది.

ఎత్తు సంగతి మాట్లాడుకుందాం. మనుషులు బతికే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తుండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. తొమ్మిదడుగులన్నమాట. ఏసీ ఉన్న గదికైతే 2.4 మీటర్లు చాలు. మా హాలుకి ఏసీ లేదు. బిల్డరు దయ తలచి ఇచ్చింది తొమ్మిదిన్నర అడుగులు. నువ్వొచ్చి అందులో పది అంగుళాలు మింగావు. నగరంలో చదరపు అడుగు ఎంత పలుకుతోందో తెలుసా నీకు? నిలువుగా మింగితే రిజిస్ట్రేషన్ కాగితంలో కనపడదని కదా నీ ధైర్యం!

ఫ్యాను ఇంకాస్త కిందికి దిగింది. మా తమ్ముడు పొడగరి, బనియను విప్పాలంటే హాల్లోంచి బయటికెళ్తాడు. అది చాలక ఫ్యాను రెక్కలకి సరిగ్గా పైన స్పాట్ లైట్లు పెట్టారు. రెండూ వేస్తే చాలు, అన్నం కంచంలో నీడలు టకటకా కొట్టుకుంటాయి. ముద్ద ఎక్కడుందో, వేలు ఎక్కడుందో తెలియదు, తల దిమ్ము. కాబట్టి మా ఇంట్లో రాత్రి భోజనానికి రెండే దారులు: గాలి కావాలంటే చీకటి, వెలుగు కావాలంటే చెమట.

నీ అంచుల వెంట దాక్కున్న ఎల్ఈడీ స్ట్రిప్పు గురించి చెప్పకపోతే అది బాధపడుతుంది. నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షుజి నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. దాని పుణ్యాన తెల్లటి వెలుగు చవగ్గా వచ్చింది, ప్రపంచం బాగుపడింది. మా హాల్లో మాత్రం ఆ నీలాన్ని నీలంగానే వాడారు. మూడు వైపులా నీలం, నాలుగో వైపు స్ట్రిప్పుకి కరెంటు అందించే డ్రైవర్ పెట్టె కాలిపోయి నలుపు. పక్క గదిలో పసుపు, నడవాలో ట్యూబులైటు తెలుపు. చుట్టాల ముఖాలు గుమ్మం గుమ్మానికీ రంగు మారుతుంటాయి.

దసరాకి మా అమ్మ వచ్చింది. పండగంటే ముందు బూజు దులపాలి కదా. కర్ర నీ మెట్టు మీదికి వెళ్లదు, అంచు అడ్డం. స్టూలెక్కి ఆ సందులో చెయ్యి పెట్టి తడిమింది. మొదట దోసెడు ఉసిళ్ల రెక్కలొచ్చాయి, తొలకరికి లైటు చూసి వచ్చి చచ్చినవి. తర్వాత బల్లి గుడ్డు పెంకులు. ఆ తర్వాత మీ ఎలక్ట్రీషియన్ మర్చిపోయిన టెస్టరు. ఆఖరున, మడిచి నొక్కిన గుట్కా ప్యాకెట్టు. అమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దీపం కుందె పక్కనున్న నా వైపు చూసిన చూపు చూడాలి. గుట్కా నాది కాదని తేల్చుకునేసరికి నవమి వెళ్లిపోయింది.

మా మేనమామది వేరుశనగ వ్యవసాయం. నిన్న మరక సంగతి ఫోన్లో చెబుతుంటే 'అది దేంతో చేస్తార్రా?' అని అడిగాడు. జిప్సమ్ అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆయన పూత దశలో ఎకరాకు రెండు వందల కిలోల జిప్సమ్ వేస్తాడు. వేస్తే కాయ గట్టిపడుతుంది, తాలు తగ్గుతుంది. చౌడు నేలకు వేస్తే నేల బాగుపడుతుంది. ఎంత పట్టిందన్నాడు. చదరపు మీటరు బోర్డు ఎనిమిది కిలోల పైమాటే, మూడు గదులకు లెక్కేసి చెప్పాను. 'మూడెకరాల శెనక్కాయ చేన్ని నెత్తిన పెట్టుకోని కూచున్నావు గదరా అల్లుడా' అన్నాడు. అక్కడ నేలలో కరిగి పంటకి పనికొచ్చే జిప్సమ్, ఇక్కడ నెత్తిన కరిగి సోఫా కవర్లకి పనికొస్తోంది.

అసలు కడుపుమంట అదే. నీళ్లు తగిలితే ఉబ్బిపోయే సరుకుని ఎవడైనా బాత్రూముల కింద కడతాడా? చెమ్మకి కాస్త తట్టుకునే రకం బోర్డు ఉంది, దాని కాగితం ఆకుపచ్చగా ఉంటుంది, రేటు ఎక్కువ. మాకు వేసింది మామూలుది. మరక మొదట గోళీ అంత ఉండేది. తర్వాత దాని చుట్టూ ఒక వలయం, దాని చుట్టూ ఇంకొకటి. నిన్న పొద్దున బోర్డు అతుకు దగ్గర టేపు లేచింది. సాయంత్రానికి పొట్ట దిగింది. వేలితో నొక్కితే వేలు లోపలికెళ్లింది. తడి సున్నం వాసన. వేలు తీస్తే ఆ కన్నంలోంచి సన్నటి ధార, నిమిషం పాటు, అదీ మా ఇంట్లో మున్సిపల్ నీళ్లు రాని పూట.

రిచ్ లుక్! ఏం రిచ్? హాల్లో బకెట్టు, సోఫా మీద పాలిథిన్ కవరు, నెత్తిన ఎప్పుడు ఊడుతుందో తెలియని పెచ్చు, దాని చుట్టూ వెలుగుతున్న నీలం లైటు. ఎవరైనా వస్తారేమోనని ఆ లైటు కూడా వెయ్యడం లేదు. వేస్తే మరక ఇంకా బాగా కనిపిస్తోంది. డబ్బు పెట్టి మరీ ఇల్లు చవకబారుగా చేయించుకోవడం, దానికి ఈఎంఐ కట్టడం, ఆదివారం అంతా తలుపు తీసి దానికోసం ఎదురుచూడటం! సిగ్గుండాలి. నీకు ఎలాగూ లేదు, నిన్ను కట్టినవాడికైనా ఉండాలి. ఒక్క మనిషిని పంపలేడా? ఫోనెత్తి 'ఈరోజు రాలేం' అని ఒక్క ముక్క చెప్పలేడా?

ఈ పొద్దున వేరే మేస్త్రిని పిలిచాను. వచ్చాడు, తొమ్మిదింటికి వస్తానంటే తొమ్మిదింటికే వచ్చాడు. నీ వైపు చూసి, టేపు పెట్టి కొలిచి, చెవి మీంచి పెన్సిలు తీసి సిగరెట్ పెట్టె మీద ఏదో రాసుకున్నాడు. పూర్తిగా ఊడదీయడానికెంత అన్నాను.

చదరపు అడుగు లెక్కనే అన్నాడు. నువ్వు ఎక్కినప్పుడూ అదే లెక్క. అంచు మెట్లకి రన్నింగ్ ఫీటు, అంటే పొడవు లెక్క, వేరేనట. చెత్త కిందికి దించడానికి, లిఫ్టులో వద్దని అసోసియేషన్ రూలు కాబట్టి, ఇంకా వేరే.

సరే అన్నాను.

ఇట్లు,
నీ కింద తల వంచుకుని తిరిగిన
ఫ్లాటు ఓనరు